ముందు తలుపు తీయండి

"తలుపేదండీ?"

ఆటో దిగుతూనే ఆమె అడిగిన మొదటి మాట అది.

"తీశామండీ," అన్నాడతను, శభాష్ అనిపించుకోబోయేవాడిలా నిలబడి.

"తీస్తే తెరిచి ఉండాలి కదా? అసలు తలుపే లేదేంటి?"

నిజమే, పాత షాపు గుమ్మం బోసిగా ఉంది. పాతికేళ్ళపాటు ఆ గుమ్మాన్ని కాసిన రెండు రెక్కల టేకు తలుపు, బందులతో సహా ఊడి, పక్కింటి ప్రహరీకి చేరగిలబడి ఉంది.

"మీరే కదండీ ఫోన్లో చెప్పారు, ముందు తలుపు తీయండి అని."

"చెప్పాను. సామాను పట్టుకెళ్ళే వ్యాను వస్తోంది, వాళ్ళు లోపలికి వెళ్ళాలి, ముందు తలుపు తీయండి అన్నాను."

"నేనూ అదే చేశానండీ. ముందు తలుపు తీశాను. తర్వాత కిటికీలు తీద్దామనుకుంటున్నాను."

"అయ్యో, తీయమంటే తెరవమని!"

"మా పనిలో తీయడమంటే ఊడదీయడమేనండీ."

"అయితే మీ ఇంటికి చుట్టాలొస్తే ఏం చేస్తారు? తలుపు ఊడదీసి, రండి రండి అంటారా?"

అతను కాసేపు ఆలోచించాడు. "తెరుస్తామండీ," అన్నాడు.

గడ్డపార పట్టుకుని వెనకాల నిలబడ్డ మేస్త్రి కిసుక్కున నవ్వాడు. ఆమె నవ్వకూడదని గట్టిగా అనుకుంది గానీ, పెదవి చివర ఆమె మాట వినలేదు. అతను చూడనట్టు నటించాడు. ఆ రోజుకి ఇద్దరూ అలా గట్టెక్కారు.

అతని తప్పు కూడా పెద్దగా లేదు. కూల్చే పనిలో మొదట ఊడేవి తలుపులూ కిటికీలే. ఆమె ఫోను పెట్టేశాక, "ఈ మేడమ్‌కి పని వరస తెలుసు మేస్త్రీ, చదువుకున్నవాళ్ళంటే ఇలా ఉండాలి," అని మెచ్చుకున్నాడు కూడా. పనివాళ్ళు ఆ మెప్పు తలుచుకుని రెండు రోజులు నవ్వారు.

అతన్ని అందరూ సుత్తి అని పిలిచేవారు. పాత ఇళ్ళు కూల్చడం అతని వృత్తి. వ్యాను వెనకాల 'పాత ఇళ్ళు జాగ్రత్తగా కూల్చబడును' అని రాయించుకున్నాడు. అది చదివి నవ్వనివాళ్ళు లేరు. కానీ అతను ఆ 'జాగ్రత్తగా' అనే మాట మీదే బతుకుతున్నాడు.

ఆమెను అందరూ చెవుల డాక్టరమ్మ అనేవారు. చదివింది ఆడియాలజీ. ఆ మాటకి నోరు తిరగనివాళ్ళంతా కలిసి పెట్టిన పేరది. మెయిన్ రోడ్డు మీద మందుల షాపు పైగదిలో అద్దెకుండి, హారన్ల మోత మధ్య జనం వినికిడి పరీక్షిస్తోంది. ఇంటిని ఆనుకుని వాళ్ళ నాన్న పాత రేడియో రిపేరు షాపు ఉంది. అది రెండు గదులు, పైన రేకులు. దూలాలు చెదలు తినేశాయి. దాన్ని తీసేసి, అక్కడ చీమ నడిచినా వినిపించేంత నిశ్శబ్దమైన క్లినిక్ కట్టుకోవాలని ఆమె కోరిక.

చిక్కల్లా ఒక్కటే. షాపు వెనక గోడా, వాళ్ళింటి హాలు గోడా ఒకటే. అది పగిలితే క్లినిక్ సంగతి దేవుడెరుగు, ఇల్లే నెత్తిన పడుతుంది.

అందుకే ముగ్గుర్ని పిలిచింది. మొదటివాడు చూడకుండానే ఫోన్లో, "ఒక్క పూటలో నేలమట్టం," అన్నాడు. రెండోవాడు స్కూటరు దిగకుండానే ఎగాదిగా చూసి, "మిషన్ పెట్టేద్దాం," అన్నాడు. మూడోవాడు సుత్తి. కరెంటు మీటరు తీయించారా అని అడిగాడు. నీళ్ళ పైపు ఎటు పోతోందన్నాడు. మునిసిపాలిటీ కాగితం చూపించమన్నాడు, పక్కింటివాళ్ళకి చెప్పారా అన్నాడు. ఆఖరికి ఆ ఉమ్మడి గోడ దగ్గరికెళ్ళి, కుడి చెవి ఆనించి, వేళ్ళతో టకటకా కొట్టి విన్నాడు.

"ఏమంటోంది?" అంది ఆమె.

"బాగానే ఉన్నానంటోందండీ. కానీ మిషన్ అంటే భయమంటోంది. పైనుంచి ఒక్కో వరసా చేత్తో దింపాలి. ఇరవై రోజులు పడుతుంది."

అదే రోజు పని అతనికి ఖాయమైంది.

ఇంతకీ అతని దగ్గర ఒక రహస్యం ఉంది. అతనికి ఎడమ చెవి సరిగా వినపడదు. ఆరేళ్ళ క్రితం ఒక సైటులో కంప్రెసరు గొట్టం ఎడమపక్కే పేలింది. ఆ నాటి నుంచి ఆ చెవిలో దూది కుక్కినట్టే ఉంటుంది. ఆ సంగతి మేస్త్రి ఒక్కడికే తెలుసు. మేస్త్రి ఎప్పుడూ అతనికి ఎడమపక్కనే నిలబడేవాడు. కొత్తవాళ్ళెవరూ ఆ పక్కకి రాకుండా కాపలా అన్నమాట.

ఎందుకు దాచాడంటే, సగం చెవిటివాడి చేతికి ఇల్లెవరు అప్పజెబుతారని భయం. పైగా పెళ్ళి చూపులు రెండు అప్పటికే తప్పిపోయాయి. "కొంపలు కూల్చేవాడికి పిల్లనిస్తామా?" అన్నారట ఒకరు. దానికి తోడు చెవుడు కూడా అంటే ఇక చెప్పేదేముంది!

అందుకని అతను రెండు ఉపాయాలు పెట్టుకున్నాడు. ఒకటి, మాట్లాడేవాళ్ళని ఎలాగోలా కుడిపక్కకి తెచ్చుకోవడం. రెండు, వినపడకపోతే చిరునవ్వు నవ్వి తలూపడం. లోకంలో జనం అడిగే ప్రశ్నలకి నూటికి తొంభైసార్లు ఆ జవాబు సరిపోతుందని అతని అనుభవం.

ఆమె రోజూ పొద్దున్న క్లినిక్‌కి వెళ్ళేముందు, సాయంత్రం తిరిగొచ్చాక సైటు దగ్గర ఆగేది. ఆమె ఎడమకి వస్తే అతను గిర్రున తిరిగి కుడికి తెచ్చుకునేవాడు. ఆమె మళ్ళీ జరిగితే అతను మళ్ళీ తిరిగేవాడు.

"ఏంటండీ, నా చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నారు? వరాలేమీ ఇవ్వను," అంది ఒకరోజు.

"ఎండ కళ్ళలో పడుతోందండీ."

"మబ్బు పట్టింది."

"అంటే... పడుతుందేమోనని."

"పేరేమో సుత్తి. మాట్లాడమంటే రెండు ముక్కల కంటే రావు. మీకా పేరు ఎవరు పెట్టారో గానీ, వాళ్ళని ముందు కూల్చాలి."

సైటులో ఎవరూ అరవరని ఆమె గమనించింది. అంతా సైగలే. పిడికిలి పైకెత్తితే ఆపమని. చెయ్యి గుండ్రంగా తిప్పితే కానివ్వమని. అరచెయ్యి గుండె మీద పెట్టుకుంటే, లోపల మనిషి ఉన్నారని. ఆ మూడో సైగ కనపడితే ఎవరి చేతిలో ఏ పనిముట్టున్నా అక్కడికక్కడ ఆగిపోవాలి. అది అతను పెట్టిన నియమం.

"నోరుంది కదా, చెప్పుకోవచ్చుగా?" అంది.

"మోతలో మాట తప్పిపోతుందండీ. చెయ్యి తప్పదు."

ఆమెకి ఆ మాట నచ్చింది. అసలు సంగతి అతనికి తెలుసు కాబట్టి కొంచెం సిగ్గేసింది.

మర్నాడు ఆమె ఆరు జతల ఇయర్ మఫ్‌లు తెచ్చి పనివాళ్ళందరికీ తగిలించింది. "ఈ మోతలో చెవులు ఏం కావాలి? అందరూ ఒకసారి క్లినిక్‌కి రండి, పరీక్ష చేస్తాను," అని కేకలేసింది. ఐదుగురూ బుద్ధిగా వెళ్ళొచ్చారు. అతను మాత్రం ఒకరోజు సిమెంటు అన్నాడు, ఒకరోజు లారీ అన్నాడు, ఇంకోరోజు పన్ను నొప్పన్నాడు.

"పన్ను నొప్పికీ చెవి పరీక్షకీ ఏంటి సంబంధం?"

"అదీ... రెండూ తలలోనే ఉన్నాయి కదండీ."

ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వు కుడి చెవిలోంచి వెళ్ళి ఎక్కడ పడాలో అక్కడ పడింది. ఆ సాయంత్రం మేస్త్రి ఇటుకలు లెక్కపెట్టమంటే అతను ఒకే వరసని మూడుసార్లు లెక్కపెట్టాడు. ఆమె మీద మనసు పడ్డాడని అప్పటికి అతనికీ తెలిసిపోయింది, మేస్త్రికైతే నాలుగు రోజుల ముందే తెలుసు.

తప్పిపోయిన సంబంధాల కథ కూడా ఒకనాడు టీ తాగుతూ ఆమెకి చెప్పేశాడు. ఆమె గ్లాసు కింద పెట్టి, "కూల్చేవాళ్ళంటే అంత అలుసా? నేనైతే వెతికి మరీ పిలిపించుకున్నాను," అంది. ఆ తర్వాత ఇద్దరూ ఎటో చూశారు.

పదమూడో రోజు సాయంత్రం వాన పట్టుకుంది.

పనివాళ్ళు వ్యానులోకి పరిగెత్తారు. ముందు వసారా మీద ఇంకా నాలుగు రేకులు మిగిలాయి. అతను దాని కిందికి చేరాడు. క్లినిక్ నుంచి వస్తున్న ఆమె కూడా గొడుగు ముడుచుకుని అక్కడికే వచ్చింది. అతని కుడిపక్క ఊడదీసిన కిటికీలు గోడకి పేర్చి ఉన్నాయి. ఆమె ఎడమపక్క నిలబడింది. ప్రదక్షిణకి దారి లేదు.

రేకుల మీద వాన డప్పులు వాయిస్తోంది. ఆమె అతని వైపు చూడకుండా, వాన వైపు చూస్తూ, గొడుగు పిడి గిల్లుతూ ఏదో అంది. చాలాసేపే అంది. అతనికి ఒక్క ముక్క వినపడలేదు. చెంప మీద తడిసి అంటుకున్న వెంట్రుకా, కదులుతున్న పెదవీ కనిపించాయి. వాన గురించే అయ్యుంటుందనుకున్నాడు. చిరునవ్వు నవ్వి తలూపాడు.

ఆమె చటుక్కున తిరిగి, మరో చిన్న మాట అడిగింది.

ఇంకొంచెం గట్టిగా ఊపాడు.

ఆమె అతని ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత గొడుగు విప్పకుండానే వానలోకి దిగి, చరచరా ఇంట్లోకి వెళ్ళిపోయింది. గొడుగు ఉన్న మనిషి తడుస్తూ ఎందుకు వెళ్ళిందో అతనికి అర్థం కాలేదు.

మర్నాడు ఆమె సైటుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వెళ్ళేటప్పుడు పెరటి దారిన వెళ్ళిందని తెలిసింది. అతని చేతిలో పని సాగలేదు. ఉమ్మడి గోడ మీద ఆనిన ఆఖరి దూలం దింపే రోజు కూడా అన్యమనస్కంగా ఉన్నాడని మేస్త్రి పనే ఆపించేశాడు.

మూడో రోజు ఆమె నాన్న వచ్చాడు. ఆయన చేతిలో పాత ట్రాన్సిస్టరు ఒకటుంది. దాన్ని తుడుస్తూ తీరిగ్గా ఇటుకల కుప్ప మీద కూర్చున్నాడు.

"అబ్బాయ్, ఆదివారం పని ఆపాలయ్యా. ఇంటికి చుట్టాలొస్తున్నారు. మా చెల్లెలు ఆర్నెల్లుగా ఒక సంబంధం పట్టుకు తిరుగుతోంది. మా అమ్మాయి ససేమిరా అనేది. మొన్న వానలో తడిసొచ్చి, సరే రమ్మను అంది."

"నాకేమో అనుమానం వచ్చింది. ఇంత తొందరగా ఎలా ఒప్పుకున్నావమ్మా అంటే, ఒకర్ని సలహా అడిగిందట. 'అత్తయ్య తెచ్చిన సంబంధం నాకిష్టం లేదు, మీరు వద్దంటే వద్దంటాను, ఒప్పుకోమంటారా?' అని. ఆ మహానుభావుడు నవ్వుతూ తలూపాడట. 'నిజంగానా?' అంటే ఇంకా గట్టిగా ఊపాడట." ఆయన ట్రాన్సిస్టరు మీంచి తలెత్తి చూశాడు. "ఆ తలకాయ ఎవరిదో నీకేమైనా తెలుసా అబ్బాయ్?"

కాళ్ళ కింద భూమి కదలడమంటే ఏమిటో ఇన్ని ఇళ్ళు కూల్చినవాడికి అప్పుడు తెలిసింది.

ఆయన వెళ్ళాక మేస్త్రి అతని కుడిపక్కకి వచ్చాడు. ఆరేళ్ళలో ఆ పక్కకి రావడం అదే మొదటిసారి.

"బాబూ, ఇన్నాళ్ళూ ఎడమపక్క నిలబడి నీ గుట్టు కాశాను. ఇక నా వల్ల కాదు. గోడలు పగలగొడతావు, ఒక్క నోరు తెరవలేవా?"

"చెబితే రేపటి నుంచి మనకి పనెవరిస్తారు మేస్త్రీ?"

"చెప్పకపోతే ఆదివారం ఏమవుతుందో అది చూసుకో ముందు."

అతను ఆ సాయంత్రమే మందుల షాపు మెట్లెక్కాడు. టోకెన్ తీసుకున్నాడు. తొమ్మిదో నంబరు. ఇద్దరు ముసలివాళ్ళ మధ్య, దుమ్ము చొక్కాతో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని బడిపిల్లాడిలా కూర్చున్నాడు. హారన్లు మోగుతున్నాయి. ఎవరైనా పలకరిస్తే పారిపోయేలా ఉన్నాడు గానీ, పారిపోలేదు.

"నెక్స్ట్," అంది ఆమె. తలెత్తి చూసి, మళ్ళీ దించేసింది. "మీ పన్ను నొప్పి తగ్గిందా?"

"అది అబద్ధమండీ."

"తెలుసు. ఏంటి కంప్లైంటు?"

"ఎడమ చెవి వినపడదు."

పెన్ను ఆగింది.

"ఎప్పట్నుంచి?"

"ఆరేళ్ళయింది. కంప్రెసరు పేలింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పనివ్వరని. మీకు అసలే చెప్పలేదు, చెబితే... మొన్న వానలో మీరు ఎడమపక్క నిలబడ్డారండీ. నాకు వానే వినిపించింది. వినపడకపోతే నేను తలూపుతాను. వాన గురించి అంటున్నారేమో అనుకున్నాను."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

"ప్రదక్షిణలు," అంది.

"అవునండీ."

"ఆ సైగలూ అందుకేనా?"

"మొదట అందుకే. తర్వాత మా వాళ్ళకీ అలవాటైంది. ఆరేళ్ళలో నా సైటులో ఒక్కరికీ దెబ్బ తగల్లేదండీ."

"రోజుకి ఇరవై చెవులు చూస్తాను. కళ్ళ ముందు తిరుగుతున్న చెవిని కనిపెట్టలేకపోయాను. నా డిగ్రీ తీసుకెళ్ళి మీ వ్యానులో పడేయండి." ఆమె లేచింది. "రండి. ముందు పరీక్ష."

మూలన అద్దం కిటికీ ఉన్న చిన్న గది ఉంది. అతన్ని అందులో కూర్చోబెట్టి, తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో ఒక బటన్ పెట్టింది. "వినపడితే నొక్కండి. వినపడకపోతే ఊరుకోండి. తలూపితే మాత్రం చంపేస్తాను."

తలుపు మూసి, అద్దానికి అవతల మైకు ముందు కూర్చుంది. ఎడమ చెవిలో శబ్దాలు మొదలయ్యాయి. మొదట్లో ఏమీ లేదు. తర్వాత ఎక్కడో దూరంగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు కూతలు. నొక్కాడు. ఆమె ఏదో రాసుకుంది. ముఖం కొంచెం తేటపడింది.

తర్వాత కుడి చెవిలో ఆమె గొంతే వచ్చింది. హారన్లు లేవు, వాన లేదు.

"అత్తయ్య తెచ్చిన సంబంధం నాకిష్టం లేదు. మీరు వద్దంటే వద్దంటాను. ఒప్పుకోమంటారా?"

అతను బటన్ వైపు చూశాడు. వినపడింది కాబట్టి నొక్కాలి. నొక్కితే ఒప్పుకోమన్నట్టవుతుంది. తలూపకూడదు. నోరు తెరిస్తే గదిలోంచి మాట బయటికి వెళ్ళదు. ఇంత తంటా అతనికి ఎప్పుడూ రాలేదు.

బటన్ ఒళ్ళో పడేసి, పిడికిలి పైకెత్తాడు. తల కంటే పైకి, సైటుకి అవతలి చివర ఉన్నవాడికి కూడా కనిపించేలా. ఆపమని.

అద్దానికి అవతల ఆమె కళ్ళు నిండాయి. మైకులో ఏమీ చెప్పలేదు. అరచెయ్యి తీసి, మెల్లగా గుండె మీద పెట్టుకుంది.

అతను ఎక్కడివాడు అక్కడే ఆగిపోయాడు. నియమం పెట్టింది అతనే కదా.

బయట పదో నంబరు ముసలాయన తలుపు కొడుతున్నాడు. ఆ చప్పుడు ఇద్దరికీ వినపడలేదు. ఆ రోజు ఆ క్లినిక్‌లో మంచి చెవులు ఒక్కటీ లేవు.

మేనత్తగారు పది రోజులు అలిగి, పదకొండో రోజు తనే ఫోన్ చేసి అబ్బాయి ఎలా ఉంటాడని ఆరా తీసింది. వాళ్ళ నాన్న మాత్రం ఒక్క ప్రశ్న అడిగాడు. "కొంపలు కూల్చేవాడికి పిల్లనిచ్చావా అంటే నేనేం చెప్పాలి అబ్బాయ్?" ఆయనే మళ్ళీ, "ఏ గోడ తీయాలో, ఏ గోడ ఉంచాలో తెలిసినవాడికి ఇచ్చానని చెబుతాలే," అని భుజం తట్టాడు. వాళ్ళింటి హాలు గోడ మీద వెంట్రుకంత బీట కూడా పడలేదు మరి.

అతని చెవి పూర్తిగా పోలేదని పరీక్షలో తేలింది. చిన్న మిషన్ ఒకటి పెట్టింది ఆమె. అతను దాన్ని దాచుకోలేదు. వ్యాను వెనకాల రాత కింద 'మాటతో కాదు, సైగతో' అని ఇంకో వరస చేర్పించాడు. పనులు తగ్గుతాయనుకున్నాడు గానీ, తగ్గలేదు.

కొత్త క్లినిక్ లేచింది. తెరిచే రోజు పొద్దున్న అందరూ గుమ్మం ముందు నిలబడ్డారు. గుమ్మానికి ఆ పాత టేకు తలుపే ఉంది. అతను మూడు నెలలు దాచి, చిత్రిక పట్టి, నూనె పెట్టి తనే బిగించాడు.

"ఇంకా చూస్తారేంటి? ముందు తలుపు తీయండి," అన్నాడు వాళ్ళ నాన్న.

మేస్త్రి గబుక్కున గడ్డపార అందుకున్నాడు.

"తెరవండి! తెరవండి!" అని అందరూ ఒక్కసారే అరిచారు.

ఆ నవ్వుల గోలలో ఆమె వచ్చి అతని ఎడమపక్క నిలబడింది. అతను తిరగలేదు. ఆమె తలుపు వైపే చూస్తూ, పెదవి కదిలీ కదలకుండా ఒక చిన్న మాట అంది.

అతను నవ్వి తలూపాడు. ఈసారి విని ఊపాడు.